పరుగు నేర్చుకుందాం – 4వ పాఠం: కాలికి సరిపడే బూటు, ఒంటికి సరిపడే బట్ట

గత మూడు పాఠాల్లో నడకను మెల్లగా పరుగులోకి మార్చుకోవడం, ఊపిరి తీసుకునే తీరు, వారంలో ఏ రోజు పరుగు, ఏ రోజు విశ్రాంతి అన్నవి చూశాం. ఈ పాఠంలో పరుగు తక్కువ, బజారు పని ఎక్కువ.

మన ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి మైదానాల్లో తెల్లవారకముందే 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలను చూస్తూనే ఉంటాం. పోలీసు ఉద్యోగమో, సైన్యమో వాళ్ళ ఆశ. చాలామంది కాళ్ళకు అన్నయ్య వాడి వదిలేసిన బూట్లో, బడికి వేసుకెళ్ళిన కాన్వాసు బూట్లో ఉంటాయి. మడమ మీద బొబ్బ, బొటనవేలి గోరు నల్లబడి ఉంటుంది. ఈ పాఠం ముందుగా వాళ్ళ కోసం.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే అదంతా బూట్ల మీద, సాక్సుల మీద పెట్టండి. టీషర్టు, వాచీ, బెల్టు తర్వాత చూసుకోవచ్చు. బూట్లలో కూడా ధర కన్నా కొలత ముఖ్యం. వెయ్యి రూపాయలు ఎక్కువ పోసి కొన్న బిగుతు జత కన్నా, మామూలు కంపెనీదైనా కాలికి అమరిన జత మేలు.

"అబెబె బికిల ఒట్టి కాళ్ళతో మారథాన్ గెలవలేదా?" అని అడిగేవాళ్ళుంటారు. గెలిచాడు. ఈ ఇథియోపియా పరుగువీరుడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పరుగు ముగించాడు. అతనికి ఒట్టి కాళ్ళతో పరుగెత్తడం అలవాటు, పైగా అక్కడ ఇచ్చిన బూట్లు కాలికి సరిపడలేదు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకునే పరుగెత్తి, ఇంకా వేగంగా, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్ళీ గెలిచాడు. కాలికి సరిపడనిది వేసుకోకపోవడం దగ్గర అతన్ని ఆదర్శంగా తీసుకోండి. గాజుపెంకులు, కంకర ఉన్న మన రోడ్ల మీద ఒట్టి కాళ్ళతో పరుగు మాత్రం వద్దు.

ఇక కొలత. సాయంత్రం పూట కొలవండి, పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బుతుంది, పరుగులోనూ అంతే. గోడకు ఆనించి నేల మీద కాగితం పరచండి. పరుగుకు వేసుకునే సాక్సులతోనే, మడమ గోడకు తగిలేలా, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడండి. అన్నిటికన్నా పొడవైన వేలి కొసన గీత గీయించుకోండి. ఆ వేలు బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండోది పొడవు. రెండు పాదాలూ కొలవాలి. ఇంచుమించు అందరికీ ఒక పాదం కాస్త పెద్దదిగా ఉంటుంది, బూటు దానికే కొనాలి.

బడా బజారులోనో మరెక్కడో దుకాణంలో కూర్చున్నాక, పెట్టె మీద నంబరును పూర్తిగా నమ్మకండి. ఒక కంపెనీ 8 ఇంకో కంపెనీ 8తో కలవదు. బూటు లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. వేళ్ళ ముందు దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీ కనిపించాలి. పక్కలకు పాదం ఇన్‌సోల్ దాటి పొంగితే ఆ బూటు మీకు ఇరుకు, సాగుతుందని దుకాణదారు చెప్పినా సరే. "టికే బడ సైజు దేఖాంతు" (కొంచెం పెద్ద సైజు చూపించండి) అని ఒడియాలో అడిగి ఇంకో జత తెప్పించుకోవడానికి మొహమాటం వద్దు. తర్వాత రెండు కాళ్ళకూ తొడుక్కుని, దుకాణం ముందు రోడ్డు మీద నాలుగడుగులు పరుగెత్తండి. మడమ లేవకూడదు, వేళ్ళు లోపల కదలాలి. కొత్తప్పుడు కాస్త బిగుతుగా ఉన్నా వాడగా వాడగా కాలికి అమరుతుందన్న మాట తోలు చెప్పులకు నప్పుతుందేమో గానీ, పరుగు బూటు మొదటిరోజే హాయిగా ఉండాలి.

తడి పాదం ముద్ర చూసి, "మీది చదును పాదం, మీకు ఫలానా రకమే కావాలి" అని ఖరీదైన జత చూపిస్తారు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకు పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చి చూశారు. అందరికీ ఒకే రకం ఇచ్చిన గుంపుతో పోలిస్తే గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకోవాలి. మిగిలినవాళ్ళు కాలికి హాయిగా ఉన్నదే ఎంచుకోవచ్చు.

ఇప్పుడు ఈ పాఠంలో చేత్తో నేర్చుకోవలసిన పని, మడమ కట్టు. బూటు పైభాగాన, చీలమండ దగ్గర, మిగతా వరుసకు కొంచెం వెనగ్గా ఒక అదనపు కన్నం ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మామూలుగా లేసు ఎక్కించుకుంటూ చివరి కన్నానికి ముందుదాకా రండి. అక్కడ లేసు బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని అవతలి వైపుకు దాటించకుండా, అదే వైపున ఉన్న అదనపు కన్నంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి. కన్నానికీ కన్నానికీ మధ్య చిన్న ఉచ్చు మిగలాలి. రెండో వైపూ అలాగే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, ముందు కిందికి లాగి, తర్వాత మామూలు ముడి వేయండి. పైకి లాగితే ఉచ్చు సరిగా బిగియదు, కిందికి లాగాలి. లాగేటప్పుడు మడమను నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. పాదం బూటులో ముందుకు జారడం ఆగుతుంది. గోరు నల్లబడడానికి, మడమ బొబ్బకు చాలాసార్లు ఆ జారుడే కారణం.

పాదం పైఎముక దగ్గర నొక్కుకుపోయేవాళ్ళు సరిగ్గా ఆ చోట లేసును అడ్డంగా దాటించకుండా నిలువుగా పైకన్నంలోకి తీసుకెళ్ళండి. అక్కడ ఒక కిటికీలా ఖాళీ ఏర్పడి నొప్పి తగ్గుతుంది.

బూటు జీవితం దాదాపు 500 నుంచి 800 కిలోమీటర్లు. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళకు ఆరు నెలల నుంచి తొమ్మిది నెలలు వస్తుంది. కొన్న తేదీని బూటు నాలుక (లేసు కింద ఉండే పట్టీ) లోపల పెన్నుతో రాసుకోండి. పైకి కొత్తగా కనిపిస్తున్నా మధ్యలోని ఫోమ్ ముడతలు పడి గట్టిపడితే, కొత్తగా మోకాలో, పిక్క ముందెముకో నొప్పి పుడితే, మార్చే వేళ అయిందన్నమాట.

సాక్సులు నూలువి వద్దు. చెమట పీల్చుకుని తడిసి ముడతపడి, ఆ ముడతే బొబ్బ లేపుతుంది. నైలాన్, పాలిస్టర్ కలిసినవి, వేళ్ళ దగ్గర కుట్టు తగలనివి తీసుకోండి.

బట్టల విషయంలో మన తీరానికి ఒక చిక్కుంది. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. గోపాల్‌పూర్ వైపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఎంత ఖరీదైన బనీను వేసుకున్నా చెమట త్వరగా ఆరదు. పలచగా, వదులుగా, లేత రంగులో ఉన్న పాలిస్టర్ బనీను చాలు. నూలు బనీను తడిసి బరువెక్కి, చంకల్లో, ఛాతీ దగ్గర ఒరుసుకుంటుంది. తొడలు ఒరుసుకునేవాళ్ళు బయలుదేరే ముందు వాజలీన్ రాసుకోవాలి. మన వైపు అందరి భుజాన ఉండే గావంచాను మించిన తువ్వాలు లేదు. పలచన, ఇట్టే ఆరిపోతుంది. వేసవిలో తడిపి మెడకు చుట్టుకోండి.

ఆడపిల్లలకు ఒక మాట. బూట్ల తర్వాత మొదటి ఖర్చు స్పోర్ట్స్ బ్రా. కొనేచోట వేసుకుని చూసే వీలుంటే రెండు చేతులూ పైకెత్తి గెంతి చూడండి. కింది పట్టీ పైకి జరగకూడదు, ఊపిరి నిండుగా అందాలి. పైన వదులు కుర్తీ, కింద లెగ్గింగ్స్ హాయిగా సరిపోతాయి. చున్నీ మాత్రం ఇంట్లో వదిలేయండి, లేదా నడుముకు గట్టిగా కట్టేయండి. చీకటిలో బయలుదేరేవాళ్ళెవరైనా లేత రంగు వేసుకుని, రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కంటికి కనబడేలా పరుగెత్తాలి.

సముద్రపు ఒడ్డున పరుగెత్తేవాళ్ళు తడి ఇసుక మీదే ఉండండి, పొడి ఇసుక పిక్కలను లాగేస్తుంది. ఒడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది కాబట్టి వెళ్ళినంత దూరమూ అదే దారిన వెనక్కి రండి. అప్పుడు ఆ వాలు భారం రెండు కాళ్ళకూ సమంగా పడుతుంది.

పరుగు నుంచి రాగానే బట్టలను మూలన పడేయకండి. పాలిస్టర్‌లో చెమట వాసన ఊరిపోతే వదలదు. తిరగేసి నీళ్ళలో జాడించి ఆరేయండి. బట్టల సాఫ్టెనర్ వద్దు, అది దారాలకు పూతలా అంటుకుని చెమట లాగే గుణాన్ని చెడగొడుతుంది. వానాకాలంలో బూట్లు తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. గంటకోసారి పేపరు మార్చండి. పొయ్యి దగ్గర, మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది, ఫోమ్ పాడవుతుంది.

ఇంట్లో కసరత్తుకు పెద్దగా ఏమీ కొననక్కర్లేదు. గుంజీలు, దండాలు టైల్స్ మీద కాకుండా జారని మ్యాట్ మీద, ఒట్టి కాళ్ళతో చేయండి. మెత్తటి పరుగు బూటు మీద బరువెత్తితే పాదం ఊగుతుంది. తాడాటకు మాత్రం బూట్లు తప్పనిసరి. తాడు మధ్యను ఒక కాలితో తొక్కి పట్టి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి, అదే మీ కొలత. రబ్బరు బ్యాండ్ వాడేవాళ్ళు ప్రతిసారీ సాగదీసి చూసుకోండి, సన్న పగులు కనబడితే పారేయండి, తెగి కంటికి కొడుతుంది. బరువు కావాలంటే భుజాన వేసుకునే సంచీలో అయిదు కిలోల బియ్యం మూట సరిపోతుంది.

ఈ వారం అభ్యాసం: ఇవాళ సాయంత్రమే రెండు పాదాలూ కొలిచి, కాగితం మీద కుడి ఎడమ అని రాసి ఉంచండి. ఉన్న బూట్ల ఇన్‌సోల్ తీసి దాని మీద నిలబడి ఖాళీ చూడండి. మడమ కట్టు వేసుకుని రెండు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, సాక్సులు విప్పి ఎక్కడ ఎర్రబడిందో గుర్తుపెట్టుకోండి. ఆ కాగితం దాచండి, 5వ పాఠంలో పిక్కల నొప్పి గురించి చెప్పేటప్పుడు అది కావాలి.