ఐరిస్ మార్పు: దాని పుట్టుక, కెమెరాతోనే దానిని తీసే పద్ధతి

మూకీ సినిమాలో ఒక దృశ్యం ముగిసేటప్పుడు నాలుగు మూలల నుంచి నలుపు కమ్ముకొస్తుంది, బొమ్మ ఒక వృత్తంలోకి కుదించుకుపోతుంది, చివరకు ఆ వృత్తమూ మూసుకుపోతుంది. దీనిని ఐరిస్ అవుట్ అంటారు. నల్లని తెర మీద చిన్న వృత్తం పుట్టి, విచ్చుకుని దృశ్యమంతా పరుచుకుంటే అది ఐరిస్ ఇన్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నిమిషంలో చేయగలిగే ఈ మార్పు ఇప్పటి లఘుచిత్రాలలో తరచు పైనుంచి అతికించినట్టు కనిపించడానికి కారణం, అది మొదట ఏ పరికరంతో ఎలా తయారైందో గమనించకపోవడమేనని నా అభిప్రాయం.

వృత్తాకారపు నల్లని మాస్క్, అంటే బొమ్మలో కొంత భాగాన్ని కప్పే అడ్డు, సినిమాలో తొలినాళ్ల నుంచే ఉంది. 1900లో ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ 'గ్రాండ్‌మాస్ రీడింగ్ గ్లాస్' అనే చిన్న చిత్రంలో, భూతద్దంలోంచి పిల్లవాడు చూసినవాటిని గుండ్రని చట్రంలో చూపించాడు. అయితే ఆ చట్రం కదలదు. దానిని తెరిచి మూసే సాధనంగా మలిచి, కథనంలో స్థిరపరిచిన ఘనత ప్రధానంగా అమెరికన్ దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్‌కూ, ఆయన ఛాయాగ్రాహకుడు బిల్లీ బిట్జర్‌కూ దక్కుతుంది. లెన్సు మీద పక్క వెలుగు పడకుండా తాను అమర్చుకున్న తొడుగు ఫ్రేము మూలలను నల్లబరిచిందనీ, ఆ లోపమే గ్రిఫిత్‌కు నచ్చిందనీ బిట్జర్ తన జ్ఞాపకాలలో చెప్పుకున్నాడు. ఆ తరువాత లోహపు రేకుల డయాఫ్రం, అంటే మధ్య రంధ్రాన్ని చిన్నదిగానో పెద్దదిగానో చేయగల ఐరిస్, లెన్సు ముందుకు వచ్చింది.

1915 నాటి 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' జాతివిద్వేషాన్ని కీర్తించిన చిత్రం. ఆ మచ్చను దాని సాంకేతిక ప్రతిభ కప్పిపుచ్చలేదు. కానీ ఐరిస్‌ను అర్థం చేసుకోవడానికి అందులోని ఒక షాట్‌ను చూడక తప్పదు. కొండ మీద పిల్లలను పొదివి పట్టుకున్న తల్లి మొదట ఫ్రేములో ఒక పక్కన, చిన్న వృత్తంలో కనిపిస్తుంది. ఆ వృత్తం విచ్చుకున్నాక కింద లోయలో అమెరికా అంతర్యుద్ధంలోని ఉత్తరాది సేనాపతి షెర్మన్ సైన్యం సాగిపోతూ ఉంటుంది. కారణమైన సైన్యాన్నీ దాని ఫలితమైన తల్లి దుస్థితినీ కట్ లేకుండా ఒకే షాట్‌లో కలిపిన పని అది. 1920లో జర్మనీలో విడుదలైన 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' వృత్తంతో ఆగక డైమండు ఆకారంలోనూ ఐరిస్‌ను వాడింది.

ఇక తీసే విధానం. మొదట తెలుసుకోవలసినది, లెన్సు లోపలే ఉండే డయాఫ్రంతో ఈ పని జరగదని. బొమ్మలోని ప్రతి బిందువుకూ లెన్సు మొత్తం నుంచి వెలుగు వస్తుంది కనుక, ఆ డయాఫ్రంను ఎంత మూసినా బొమ్మ అంతటా సమానంగా మసకబారుతుందే తప్ప వృత్తం ఏర్పడదు; మీకు లభించేది ఫేడ్ అవుట్. వృత్తం కావాలంటే రెండో డయాఫ్రం లెన్సుకు ముందు, కొంత దూరంలో ఉండాలి.

ఎంత దూరంలో అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే వృత్తపు అంచు మెత్తదనం దాని మీదే ఆధారపడుతుంది. ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ కెమెరాకు 50 మి.మీ. లెన్సు బిగించి, దూరపు దృశ్యానికి ఫోకస్ చేసి, లెన్సు అపెర్చర్‌కు (లోపల వెలుగు వచ్చే రంధ్రానికి) 10 సెం.మీ. ముందు ఐరిస్‌ను నిలిపారనుకుందాం. ఎఫ్ పక్కన ఉండే సంఖ్య పెద్దదయ్యేకొద్దీ అపెర్చర్ చిన్నదవుతుంది. ఎఫ్/8 దగ్గర మసక అంచు ఫ్రేము వెడల్పులో సుమారు 12వ వంతు ఉంటుంది. ఎఫ్/16కు తగ్గిస్తే అది సగమవుతుంది. ఎఫ్/2కు తెరిస్తే ఫ్రేములో మూడో వంతు మసకే అవుతుంది, వృత్తం రూపమే నిలవదు. దూరం పెంచినా అంచు పదునెక్కుతుంది, కానీ అప్పుడు ఇంకా పెద్ద ఐరిస్ కావాలి: పైన చెప్పిన అమరికలో ఫ్రేము మూలలు తగలకుండా ఉండాలంటే పూర్తిగా తెరిచినప్పుడు ఐరిస్ వ్యాసం 9 సెం.మీ. దాటాలి. లెన్సు వైపు ఉండే రేకుల ముఖాలు మెరుపు లేని నలుపులో ఉండాలి, లేకపోతే నలుపు బూడిద రంగుగా నమోదవుతుంది.

ఐరిస్‌ను పక్కలకూ పైకీ కిందికీ జరపగలిగే నల్లని పలకలో బిగించండి. వృత్తం ఎక్కడ మూసుకోవాలో నటులతో రిహార్సల్ చేసేటప్పుడే నిర్ణయించాలి, ఎందుకంటే ప్రేక్షకుడి చూపు చివరిగా నిలిచేది అక్కడే. ఫ్రేము నడిమధ్యన మూయడం అలవాటుగా చేసే పని. ఒక చేయి, ఒక ఉత్తరం, వెనుదిరిగిన ఒక ముఖం మీద మూస్తే దృశ్యానికి అర్థం పెరుగుతుంది. మూసుకునేంతవరకు ఆ నటుడు వృత్తం దాటి కదలకూడదు.

వేగానికి వస్తే, చేతితో తిప్పే కెమెరాలో సెకనుకు రెండు చుట్లు, చుట్టుకు ఎనిమిది ఫ్రేములు అన్నది నాటి కొలమానం. ఆ లెక్కన ఆరు నుంచి ఎనిమిది చుట్లలో, అంటే మూడు నాలుగు సెకన్లలో మూయడం బాగుంటుంది. ఐరిస్ రేకులను కదిపే మీటను ఒకే వేగంతో జరిపితే వృత్తం చివరలో చటుక్కున మాయమైనట్టు అనిపిస్తుంది, కనుక చిన్నదయ్యేకొద్దీ చేతిని నెమ్మదింపజేసి, ముఖం పట్టేంత వృత్తం మిగిలినప్పుడు ఒక్క క్షణం ఆగి, తరువాత పూర్తి చేయండి. మామూలు ఐరిస్ రేకులు పూర్తిగా మూసుకోవు, మధ్యలో చిన్న రంధ్రం మిగులుతుంది. దానిని లెన్సు మూతతో గానీ, ఎడిటింగ్‌లో కొన్ని ఫ్రేముల ఫేడ్‌తో గానీ కప్పాలి.

ఐరిస్ దొరకనివారు సాఫ్ట్‌వేర్‌లో వృత్తాకారపు మాస్క్ వేసి, వ్యాసానికి కీఫ్రేములు (ఏ క్షణానికి అది ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టవచ్చు. మాస్క్ అంచు మెత్తదనాన్ని ఫ్రేము వెడల్పులో సుమారు 12వ వంతుగా ఉంచి, చివరి కీఫ్రేముకు ముందు వేగం తగ్గించండి.