పాత అమెరికన్ జేబు చాకు: ముద్ర ఒక కాలం చెప్తే, చాకు ఇంకో కాలం చెప్తోందా?

ముద్రల తేదీల పట్టిక ఏదీ తెరవకముందు చాకులో ఉన్న బ్లేడ్లన్నీ తెరవండి. ప్రతి బ్లేడు మొదట్లో, అంటే పిడిలోకి వెళ్లే టాంగ్ మీద, కంపెనీ ముద్ర ఉందేమో రెండు వైపులా చూడండి. పెద్ద బ్లేడు ముద్ర ఒక్కటి చదివి "1930ల నాటిది" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం అక్కడ మొదలైనవే.

ముద్ర కనబడుతోంది, చదవడానికి రావట్లేదు

చాలాసార్లు అక్షరాలు అరిగిపోయి ఉండవు, ఎండిన నూనె, మురికి పట్టి పూడుకుని ఉంటాయి. ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి, రాత్రంతా వదిలేసి, పంటిపుల్లతో గీకండి. ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, టాంగ్‌కి దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే లోతు లేని అక్షరం కూడా నీడ వేస్తుంది. గరుకు కాగితం జోలికి మాత్రం వెళ్లకండి. తుప్పుతో పాటు ముద్రా పోతుంది, ధరా పోతుంది.

కేస్ చాకు మీద పది చుక్కలు: 1970దా, 1980దా?

ఈ ప్రశ్నకు జవాబు ముద్రలోని కేస్ పేరు 'ఎస్' అక్షరంలోనే ఉంది, అయినా అడుగుతూనే ఉంటారు. అమెరికా చాకుల కంపెనీ కేస్ 1970లో ముద్రలో పది చుక్కలతో మొదలుపెట్టి ఏడాదికొకటి తీసేస్తూ పోయింది. 1979కి ఒక్క చుక్క మిగిలింది. 1980లో మళ్లీ పదితో మొదలెట్టింది, కానీ ఈసారి 'ఎస్' మెరుపు తీగలా కోసుగా ఉంటుంది. గుండ్రటి 'ఎస్' అయితే డెబ్బైలు, మెరుపు 'ఎస్' అయితే ఎనభైలు.

చుక్కలే లేకపోతే ముద్రలోని మాటలు చూడాలి. 'కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్' 1920-40 నాటిది. ఉత్త 'కేస్ ఎక్స్ఎక్స్' 1940-64 నాటిది. దాని కింద 'యు.ఎస్.ఎ.' చేరితే 1965-69.

ముద్ర పాతదే, చాకు మాత్రం అంత పాతగా లేదు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ముద్ర అబద్ధం కాకపోవచ్చు. బ్లేడు నిజంగానే పాతది, కానీ ఈ చాకుది కాదు. విరిగిన బ్లేడు తీసేసి, పనికిరాని ఇంకో చాకు బ్లేడు బిగించి ఉంటారు. మూతపడిన ఫ్యాక్టరీల్లో మిగిలిన బ్లేడ్లు చేతులు మారి, ఎన్నో ఏళ్ల తర్వాత కొత్త పిడులకు ఎక్కినవీ ఉన్నాయి. ముద్ర చెప్పేది బ్లేడు వయసు ఒక్కటే.

మొదట బోల్స్టర్ చూడండి. పిడి చివర ఉండే ఆ లోహపు తొడుగు, దాన్ని దాటే పిన్ను రెండూ సాధారణంగా జర్మన్ సిల్వరే. ఫ్యాక్టరీలో పిన్ను కొసల్ని కొట్టి, నున్నగా సానపట్టేవారు కాబట్టి పిన్ను ఎక్కడుందో కనబడదు. వాలుగా వెలుతురు వేసినప్పుడు సన్నటి వలయం కనిపిస్తే అనుమానించండి. వదులైన బ్లేడును బిగించడానికి కొట్టినా ఆ వలయం తేలుతుంది కాబట్టి, దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. దాని చుట్టూ తాజా ఆకురాయి గీతలుండి, పిడి మీది మిగతా పిన్నులు నల్లబడి ఉంటే చాకును విప్పినట్టే.

తర్వాత చాకు వీపు మీద గోరు పెట్టి గీయండి. మంచి కంపెనీ చాకులో బ్లేడు తెరిచినా, మూసినా టాంగ్ అంచు, బ్లేడును నొక్కి పట్టే స్ప్రింగ్ వీపు సమంగా ఉంటాయి, ఎందుకంటే రెండింటినీ కలిపి సానపట్టారు. మార్చిన బ్లేడు దగ్గర గోటికి మెట్టు తగులుతుంది. వాడకంతో అరిగిన చాకులోనూ మెట్టు రావచ్చు. అందుకే పక్క బ్లేడుతో పోల్చండి. ఒక్కదానికే మెట్టుంటే దాని మీదే కన్నేయండి. మూసినప్పుడు బ్లేడు మొన పిడి లోపలి లైనర్ రేకు అంచు దాటి పైకి వస్తోందా, గోటి గాడి రేకుల మధ్యకు దిగిపోతోందా అన్నదీ చూడండి.

పాత ముద్రను అరగదీసి ఖరీదైన ముద్ర వేసినవి ఇంకో రకం. అరగదీస్తే టాంగ్ పలచబడుతుంది. చాకును బల్బుకి ఎదురుగా పట్టుకుంటే టాంగ్‌కీ లైనర్‌కీ మధ్య వెలుతురు గీత కనిపిస్తుంది, బ్లేడు పక్కలకు ఊగుతుంది. వెర్నియర్ ఉంటే టాంగ్ మందాన్ని, దాని స్ప్రింగ్ మందాన్ని కొలిచి పోల్చండి. అసలు ముద్రను ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే, గట్టిపరచకముందే అచ్చుతో కొట్టేవారు. పది రెట్ల భూతద్దంలో ఆ అక్షరాల గోడలు నిలువుగా, అడుగు సమంగా ఉంటాయి. ఆమ్లంతో తినిపించిన ముద్రలో అడుగు ఇసకలా గరుకుగా, అంచులు కరిగినట్టు ఉంటాయి.

తుప్పు గుంతలు ఇంకా మంచి సాక్షులు. నిజమైన ముద్రలో గుంత అక్షరం అంచును తినేసి ఉంటుంది. అక్షరమే గుంతను కోసుకుంటూ పోతే, తుప్పు పట్టిన తర్వాత ముద్ర పడిందన్నమాట.

ఇలా తేలిన చాకును విప్పి బాగుచేయాలని చూడకండి. అందులోని అన్నిటికన్నా కొత్త భాగం వయసే చాకు వయసు. ధర భాగాల ధరే. ఒక్క మినహాయింపు ఉంది. ఒక బ్లేడు మీద 'కేస్ ఎక్స్ఎక్స్', ఇంకోదాని మీద 'కేస్ ఎక్స్ఎక్స్ యు.ఎస్.ఎ.' ఉంటే అది పాత నిల్వ వాడిన 1965 ప్రాంతపు మార్పు దశ చాకు కావచ్చు. పిన్నులు కదలకపోతే అది అసలుదే.

'టెస్టెడ్' ముద్ర, కానీ పిడి మరీ నున్నగా ఉంది

భూతద్దంలో పిడి కొస చూడండి. ఎముకకు సన్నటి చుక్కలు, నల్లటి చారలు ఉంటాయి, డెల్రిన్ అనే ప్లాస్టిక్‌కి ఉండవు. డ్యూపాంట్ డెల్రిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది 1960లో. కాబట్టి పిడి డెల్రిన్ అయితే అది తర్వాత మార్చినదే. కాల్చిన సూది పరీక్ష చేయకండి, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గున మండుతుంది.

దేశం పేరు లేదు, కాబట్టి 1890కి ముందుదా?

కాదు. దేశం పేరు వేయమన్న 1890 నాటి మెక్‌కిన్లీ చట్టం దిగుమతి సరుక్కే. అమెరికాలో చేసిన చాకుకు ఆ లెక్క పనికిరాదు.

పేటెంట్ తేదీ ఉంది

అంతకు ముందుది కాదని మాత్రమే అర్థం. తర్వాత ఎన్నేళ్లకైనా చేసి ఉండొచ్చు.

రెమింగ్టన్ 'బుల్లెట్' చాకు, కొత్తదానిలా మెరుస్తోంది

పిడి మీద తూటా ఆకారపు బిళ్ల ఉన్న ఈ చాకుల్లో అసలువి 1920-40 మధ్యవి. 1982 నుంచి అదే పోలికతో మళ్లీ చేశారు, మొదట వచ్చింది ఆర్1123 మోడల్. వాటిని దొంగ సరుకు అనకూడదు. పాత ధర పెట్టకపోతే చాలు.