భూగర్భ బొగ్గు నుంచి ద్రవ ఇంధనం: తిరుపతి ప్రయోగశాలలో పరిశోధన మొదలుపెట్టే విధానం

తిరుపతి పరిసరాల్లో బొగ్గు లేదు. తిరుమల కొండల క్వార్ట్‌జైట్, దాని అడుగున ఉన్న గ్రానైట్, బొగ్గుకు మూలమైన అడవులు భూమి మీద పుట్టడానికి ఎంతో ముందే ఏర్పడిన శిలలు. మనకు దగ్గరలో ఉన్న బొగ్గు గోదావరి లోయ గోండ్వానా పొరలలోనిది, అంటే సింగరేణి బొగ్గు. అయినప్పటికీ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనో, ఏర్పేడు దగ్గరి ఐఐటీలోనో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతున్నవారు ఈ రంగంలో విలువైన పని చేయగలరు. అందులోని కఠినమైన సమస్యలు చాలావరకు గనిలో కాక ప్రయోగశాలలోనే తేలవలసినవి.

ఈ విధానంలో రెండు అంచెలున్నాయి. మొదటిది, తవ్వి తీయడానికి వీలుకాని లోతులో ఉన్న బొగ్గు పొరలోకి ఒక బోరుబావి ద్వారా ఆక్సిజన్, నీటి ఆవిరి పంపి, అక్కడే పాక్షికంగా మండించి, వెలువడే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమాన్ని మరో బోరుబావి గుండా పైకి తీసుకోవడం. ఉజ్బెకిస్తాన్‌లోని ఆంగ్రెన్‌లో 1960లలోనే ఈ పద్ధతిలో వాయువు తీయడం మొదలైంది. రెండవది, ఆ వాయువును ఉత్ప్రేరకం మీద నడిపి డీజిల్, మైనం వంటి హైడ్రోకార్బన్లుగా మార్చడం. జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ 1920లలో రూపొందించిన ఈ చర్యను దక్షిణాఫ్రికాలోని సాసోల్ సంస్థ 1955 నుంచి పరిశ్రమ స్థాయిలో నడుపుతోంది. రెండు అంచెలూ విడివిడిగా పాతవే. కొత్తగా సాధించవలసినది వాటి కలయిక. బొగ్గు కాలిపోగా భూమి లోపల ఏర్పడే కుహరం పెరిగేకొద్దీ వాయువు కూర్పు మారుతూ ఉంటుంది, ఉత్ప్రేరకం మాత్రం స్థిరమైన కూర్పునే కోరుతుంది. అందుచేత పరిశోధనను చివరి అంచె నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవడం మంచిదని నా అభిప్రాయం.

ముందుగా నిష్పత్తిని లెక్కించుకోవాలి. ద్రవ ఇంధనం తయారు కావడానికి ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్‌కు సుమారు రెండు పాళ్ల హైడ్రోజన్ కావాలి. బొగ్గు వాయువులో రెండూ సమానంగా, చెరి 100 మోల్‌లు ఉన్నాయనుకుందాం. నీటి ఆవిరితో చర్య జరిపి 33 మోల్‌ల కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి, ఆవిరి నుంచి అంతే హైడ్రోజన్ రాబడితే 67కు 133 వస్తుంది, నిష్పత్తి కుదురుతుంది. కానీ మూడింట ఒక వంతు కార్బన్ మోనాక్సైడ్ ఇంధనం కాకుండానే కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఈ నష్టాన్ని చూడకుండా వేసే ఏ ఖర్చు అంచనా అయినా నమ్మదగినది కాదు. కోబాల్ట్ కంటే ఇనుప ఉత్ప్రేరకంతో మొదలుపెట్టమని చెప్పడానికి ఇదే కారణం: ఇనుము చవక, పైగా ఈ ఆవిరి చర్యను తనలోనే కొంత జరుపుకోగలదు కనుక హైడ్రోజన్ తక్కువైన వాయువును కూడా తట్టుకుంటుంది.

పొటాషియం, రాగి కొద్దిగా కలిపిన ఇనుప ఉత్ప్రేరకాన్ని ఒక గ్రాము మేర తీసుకొని, సిలికాన్ కార్బైడ్ పొడితో కలిపి సన్నని ఉక్కు గొట్టంలో నింపాలి. చర్యలో విపరీతమైన వేడి పుడుతుంది. ఆ పొడి వేడిని పరచకపోతే మధ్యలో ఉష్ణోగ్రత పెరిగి డీజిల్‌కు బదులు మీథేన్ వస్తుంది. 240 నుంచి 270 డిగ్రీల సెల్సియస్, 20 బార్ పీడనం ఆరంభానికి తగినవి. ఉక్కు సిలిండర్‌లో నిల్వ ఉన్న కార్బన్ మోనాక్సైడ్ ఇనుముతో కలిసి ఐరన్ కార్బొనిల్‌గా మారి ఉత్ప్రేరకం మీద పేరుకొని ఫలితాలను తారుమారు చేస్తుంది కాబట్టి, వాయువును ముందుగా దాన్ని తొలగించే వడపోత గుండా పంపాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. హెచ్చరిక పరికరం, వాయువును బయటికి లాగే ఏర్పాటు లేని గదిలో ఈ ప్రయోగం చేయనే కూడదు. లోపలికి వెళ్లిన కార్బన్, బయటికి వచ్చిన కార్బన్ దాదాపు సరిపోయిన ఫలితాలనే లెక్కలోకి తీసుకోవాలి.

తరువాత వాయువు శుద్ధి. గంధకం అతి స్వల్పంగా ఉన్నా ఉత్ప్రేరకం చచ్చిపోతుంది. జింక్ ఆక్సైడ్ పొర గుండా పంపితే హైడ్రోజన్ సల్ఫైడ్ చాలావరకు పోతుంది.

ఆపై సింగరేణి బొగ్గు దిమ్మెను తెచ్చి, గాలి తగలకుండా భద్రపరిచి, దానిలో ఒక రంధ్రం చేసి, ఆక్సిజన్, ఆవిరి పంపి వాయువు కూర్పు గంట గంటకూ ఎలా మారుతుందో నమోదు చేయాలి. బూడిద ఎక్కువగా ఉన్న మన బొగ్గులో ఆ బూడిద కుహరం అడుగున పేరుకొని చర్యను ఎలా అడ్డుకుంటుందన్నది విడిగా పరిశీలించవలసిన విషయం. ఇలా నమోదైన మార్పులను సిలిండర్ వాయువుతో మళ్లీ సృష్టించి ఉత్ప్రేరకం మీద నడిపినప్పుడే రెండు అంచెల కలయిక నిజంగా పరీక్షకు నిలుస్తుంది.

ఇక అసలు పొర. భూగర్భజలంలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక బార్ పీడనం ఉంటుంది. 300 మీటర్ల లోతులో అది దాదాపు 30 బార్. వాయువు ఆ పీడనంతోనే పైకి వస్తే కంప్రెసర్ ఖర్చు చాలా తగ్గుతుంది. అయితే కుహరంలోని పీడనం చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే ఎల్లప్పుడూ కొంచెం తక్కువగా ఉండాలి. అప్పుడు నీరు లోపలికి వస్తుంది; తలకిందులైతే బెంజీన్, ఫినాల్ వంటి విషాలు బయటి నీటిలోకి పోతాయి. ఆస్ట్రేలియాలో ఇలా వాయువు తీసిన చించిల్లాలో కాలుష్యం బయటపడిన తరువాత అక్కడి క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2016లో ఈ విధానాన్నే నిషేధించింది. అందుకే మంట పెట్టడానికి ముందు చుట్టుపక్కల బావుల నీటిని అన్ని ఋతువులలోనూ పరీక్షించి నమోదు చేసుకోవాలి. మంట ఆపిన తరువాత ఆవిరి పంపి కుహరాన్ని కడిగి, ఆ నీటిని పైకి తోడి శుద్ధి చేయాలి. ఈ పనికి అయ్యే ఖర్చు పథకం తొలి అంచనాలోనే ఉండాలి.