పెట్రోల్‌ను తిట్టే ముందు టైమింగ్ లైట్ పట్టుకోండి

నా దగ్గర 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ కార్మన్ ఘియా కారు ఉంది. చూడ్డానికి స్పోర్ట్స్ కారే గానీ, వెనక ఉన్నది బీటిల్ ఇంజనే. రేడియేటరూ నీళ్లూ ఏమీ లేవు, అంతా గాలి మీదే చల్లబడాలి. నేను కొనేసరికే దాన్ని 1776 సీసీ చేసి, రెండు వెబర్ 40 కార్బ్యురేటర్లు తగిలించారు. "కంప్రెషన్ 8.5 పెట్టాం సార్, పక్కా" అన్నాడు ఇంజన్ కట్టినాయన. అంటే పిస్టన్ పైకొచ్చేసరికి లోపలి మిశ్రమం ఎనిమిదిన్నర వంతుల్లో ఒక వంతుకు నొక్కుకుపోవాలి.

మొదటి ఎండాకాలంలోనే జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుంటే, స్టీలు గ్లాసులో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. విన్నవాళ్లందరిదీ ఒకటే మాట: "పెట్రోల్ కల్తీ అన్నా, బంకు మార్చు." నాలుగు బంకులు మార్చాను. గోళీలు మాత్రం గ్లాసులోనే ఉన్నాయి.

ముందు అది నాకింగేనా, అంటే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలుతోందా అని తేల్చుకోండి. ఈ ఇంజన్ చుట్టూ గాలిని మళ్లించే రేకులు చాలా ఉంటాయి. వాటిలో ఒక్కటి వదులైనా, ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకైనా, వాల్వ్ క్లియరెన్స్ 0.15 మిల్లీమీటర్లు దాటిపోయినా ఇంచుమించు అలాంటి చప్పుడే వస్తుంది. రేకులైతే బండి నిలబెట్టి రేజ్ చేసినా మోగుతాయి. నాకింగ్ ఇంజన్ మీద లోడ్ పడ్డప్పుడే వస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి, అద్దాలు దించుకుని, ఏదైనా కాంపౌండ్ గోడ పక్కగా ఎత్తు ఎక్కండి. గోడకు తగిలి చప్పుడు తిరిగి చెవిలో పడుతుంది. మూడో గేరు, 50 స్పీడు, యాక్సిలరేటర్ బాగా నొక్కి. వినిపించగానే కాలు తీసేయండి. పదే పదే విని ఆనందించే చప్పుడు కాదది, పిస్టన్‌కి బొక్క పెడుతుంది.

తర్వాత పైసా ఖర్చు లేని పరీక్ష. డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్, అంటే ప్లగ్ రవ్వ విసిరే సమయం, 4 డిగ్రీలు వెనక్కి పెట్టి, అదే రోడ్డు అదే గేరులో ఎక్కండి. చప్పుడు తగ్గితే నాకింగే. రవ్వంత తేడా కూడా లేకపోతే స్పానర్ పట్టుకుని రేకుల వెంట పడండి.

నాకింగే అని తేలితే, రవ్వ ఎప్పుడు పడుతోందో చూపించే టైమింగ్ లైట్ తీయండి. అందరూ చేసే తప్పు, ఐడిల్‌లో చూసి సరిపెట్టేయడం. నాది సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ డిస్ట్రిబ్యూటర్, అంటే ఇంజన్ స్పీడు పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరిపే రకం; వాక్యూమ్‌తో జరిపే ఏర్పాటు లేదు. ఇలాంటిదానికి 3000 ఆర్‌పీఎం దాటాక మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందే రవ్వ పడుతోంది) ఎంత వస్తోందన్నదే లెక్క, 28 నుంచి 32 డిగ్రీల లోపు ఉండాలి. నా బండిలో 36 ఉంది! ఐడిల్ నున్నగా ఉండాలని ఎవరో 14కి తెచ్చిపెట్టారు, దాంతో పై స్పీడులోనూ అది అంత మేర పెరిగింది. ముందు డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకు సరిచేసుకోండి, గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది. 30 దగ్గర బిగించాను. గోళీలు సగం తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఇక ప్లగ్గులు. నాలుగూ విప్పి వరసగా పేర్చి, భూతద్దంతో తెల్ల పింగాణీని చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం రవ్వలో కనిపిస్తే ఆ సిలిండర్‌లోనే గొడవ. నాకు ఎక్కువగా కనిపించింది మూడోదాంట్లో. 1970 దాకా వచ్చిన ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే, సరిగ్గా ఆ సిలిండర్ గాలికి అడ్డంగా ఉంటుంది. పాపం దానికి వేడిగాలే దక్కుతుంది. ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు చిరిగినా, కింది వేడిగాలి పైకొచ్చి ఫ్యాన్‌లో దూరుతుంది. నా సీలు ఒక మూల అసలు లేనే లేదు.

మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గి పలచబడ్డా ఇదే రోగం. మానిఫోల్డ్ గాస్కెట్ల చుట్టూ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి. ఐడిల్ మారితే అక్కడ గాలి పీలుస్తున్నట్టే. మన బంకుల్లో ఇప్పుడొచ్చే ఈ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, 95; అది మనకు లాభమే. కానీ ఇథనాల్‌కు ఇంధనం ఎక్కువ కావాలి, కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని కొలిచి వదిలే పాత జెట్టుకు ఆ సంగతి తెలియదు. నేను మెయిన్ జెట్ 125 నుంచి 135కి పెంచాను.

ఇన్ని చేసినా మే నెల మధ్యాహ్నం గోళీలు మళ్లీ పలికాయి. అప్పుడొచ్చింది అనుమానం, ఆ "8.5 పక్కా" మీద.

పిస్టన్ పైన మిగిలే ఖాళీ, అంటే హెడ్‌లోని ఛాంబర్, అసలు ఎంతుందో కొలవాలని ఇంజన్ దింపి హెడ్ విప్పాను. ప్లగ్ బిగించి, వాల్వులు మూసి, హెడ్‌ను బల్ల మీద ఛాంబర్ పైకి ఉండేలా తిప్పి పెట్టాను. సిలిండర్ కూర్చునే అంచు మీద ఆనేలా, నేమ్ బోర్డులు చేసే కొట్టులో గుండ్రటి యాక్రిలిక్ బిళ్ల కోయించి, మధ్యలో చిన్న రంధ్రం వేయించాను. అంచుకు గ్రీజు రాసి బిళ్ల అదిమి, మెడికల్ షాపులో కొన్న 10 ఎంఎల్ సిరంజితో కిరోసిన్ ఎక్కించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది సగం దాటగానే బుడగ రంధ్రం దగ్గరికొచ్చింది; హెడ్‌ను కాస్త వంచి దాన్ని తోలేశాను. 46 సీసీ దగ్గర నిండిపోయింది. కట్టినాయన 50 పైమాటే అన్నాడు. ఎప్పుడో హెడ్ అంచు చెక్కేసి ఛాంబర్‌ను చిన్నది చేశారన్నమాట.

లెక్క సులువే. బోర్ 90.5, స్ట్రోక్ 69 అంటే ఒక్కో సిలిండర్ 443.8 సీసీ. పిస్టన్ పైకొచ్చాక సిలిండర్ అంచు కంటే 1 మిల్లీమీటరు కిందే ఆగుతోంది, ఆ సందు 6.4 సీసీ. 46తో కలిపితే 52.4. 443.8ని దానితో భాగించి ఒకటి కలపండి: దాదాపు 9.5!

సిలిండర్ల కింద 1 మిల్లీమీటరు షిమ్ (పలచటి రింగు) వేస్తే 8.5కి దిగుతుంది, మెకానిక్ అదే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పైన సందు ఇరుగ్గా ఉంటేనే మిశ్రమం బాగా కలిసి నాకింగ్ తగ్గుతుంది. దాన్ని వెడల్పు చేయడం రోగానికి పాలు పోయడమే. ఛాంబర్లనే తొలిపించి నాలుగూ 52 సీసీకి తెచ్చాం. అలా 8.6 అయింది.

ఆ తర్వాతి ఆదివారం అదే గోడ, అదే మూడో గేరు. గోళీలు లేవు. ఫ్యాన్ డబ్బా పక్కన రేకు మాత్రం ఇంకా మోగుతోంది, దాని స్క్రూ మర అరిగిపోయింది.