శతఘ్ని అధికారి యుద్ధానుభవాన్ని నమోదు చేయడం ఎలా

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పల్లెల్లో సైన్యంలో పనిచేసి ఇంటికి తిరిగివచ్చినవారు ఉన్నారు. వారిలో 1999 నాటి కార్గిల్ యుద్ధంలో శతఘ్ని దళంలో ఉన్నవారెవరైనా మీ బంధువర్గంలోనో, ఊళ్లోనో ఉంటే, వారి అనుభవాన్ని వారి నోటి మాటగానే రాసిపెట్టుకోవడానికి ఈ పద్ధతి పనికివస్తుంది. మా చిన్నాయన ఆ యుద్ధంలో శతఘ్ని దళ అధికారి. చిత్తూరులోని ఆయన ఇంటి వసారాలో ఆరు ఆదివారాలు కూర్చుని ఆయన చెప్పింది రాసుకున్నాను.

మొదట తేల్చుకోవలసిన విషయం ఆయన ఎక్కడ నిలబడి ఉన్నారన్నది. ఫిరంగుల దగ్గర ఉన్న అధికారికి లక్ష్యం సాధారణంగా కంటికి కనిపించదు. ఆయనకు తెలిసేది వైర్‌లెస్‌లో వచ్చే అంకెలు, గుండ్ల లెక్క, ఫిరంగి మోత. పదాతి దళంతో పాటు ముందుకు నడిచి, గుట్ట మీద ఓపీలో (శత్రువు వైపు కనిపెట్టి చూసే చోటులో) కూర్చుని, గుండు ఎక్కడ పడిందో చూసి సవరణలు చెప్పే అధికారికి ఫిరంగి కనిపించదు, గుండు పేలడమే కనిపిస్తుంది. ఒకే అధికారి వేర్వేరు రోజుల్లో ఈ రెండు పనులూ చేసి ఉండవచ్చు కనుక, ప్రతి సంఘటనకూ ఈ ప్రశ్న మళ్లీ అడగాలి. మొదటి ఆదివారం నేను ఇది అడగకుండా "భయమేసిందా చిన్నాయనా?" అని మొదలుపెట్టాను. ఆయన దేశభక్తి గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకున్నారు. మరుసటి వారం "ఆ పొద్దు నువ్వు ఏ గుట్ట మీద ఉన్నావు, ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నావు?" అని అడిగితే రెండు గంటలు ఆగకుండా చెప్పారు. చివరికి ఆయనే హెచ్చరించారు: "గుండు పడేది నేను చూసినాను, వదిలింది వాళ్లు. ఆ రెండూ కలిపి రాయొద్దు." అందుకే నోటుపుస్తకంలో పేజీని నిలువునా గీత గీసి, చూసింది ఎడమవైపు, ఇతరుల వల్ల విన్నది కుడివైపు రాయడం అలవాటు చేసుకున్నాను. మీరూ అలాగే చేయండి.

కూర్చోవడానికి ముందు ఆ నేల గురించి చదువుకుని వెళ్లాలి. ఆ యుద్ధం జరిగిన ద్రాస్ లోయే తిరుమల కొండ కంటే మూడు రెట్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ పోరాడి గెలుచుకున్న టైగర్ హిల్ శిఖరం 5,000 మీటర్లు దాటుతుంది. అక్కడ గాలి పలుచన కావడం వల్ల గుండు మైదానంలో కంటే దూరం పోతుంది. కనుక మైదానానికి తయారుచేసిన పట్టికల ప్రకారం గురి పెడితే సరిపోదు, కొన్ని గుండ్లు వదిలి, చూసి, సవరించుకోవాలి. పైగా లక్ష్యం కత్తి అంచు లాంటి శిఖరం మీద ఉన్నప్పుడు, కొంచెం ఎక్కువైన గుండు శిఖరాన్ని దాటి అవతలి లోయలో పడిపోతుంది. ఈ సంగతి తెలిసినవారికే "ఆ రోజు ఎన్ని సవరణలకు గుండు సరిగ్గా పడింది?" అన్న ప్రశ్న తోస్తుంది. ఆ ప్రశ్న దగ్గరే మా చిన్నాయన లేచి వెళ్లి, సుద్దముక్క తెచ్చి, నేల మీద శిఖరం గీసి చూపించారు. అటువంటి గీతలను అప్పటికప్పుడే ఫొటో తీసుకోవాలి.

ఫిరంగుల దగ్గర పనిచేసినవారినైతే బరువుల గురించి అడగండి. ఆ యుద్ధంలో వాడిన బోఫోర్స్ ఫిరంగి 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి సుమారు 43 కిలోలు ఉంటుంది. వాటిని లారీ నుంచి ఎవరు దించారు, ఎక్కడ పేర్చారు, చలికి చేతులు ఎలా ఉండేవి, అన్నం ఏ వేళకు వచ్చేది అన్న ప్రశ్నలకు ఏ అధికారిక చరిత్రలోనూ దొరకని జవాబులు వస్తాయి. నా మటుకు ఈ మొత్తం శ్రమకు ఫలం అవే.

తేదీలు నేరుగా అడగవద్దు, ఎందుకంటే పాతికేళ్ల తరువాత తేదీ గుర్తుండదు, కానీ ముందువెనుకలు గుర్తుంటాయి. ద్రాస్ దగ్గరి తోలోలింగ్ శిఖరం జూన్ 13న, టైగర్ హిల్ జులై 4న మన చేతికి వచ్చాయి, జులై 26న యుద్ధం ముగిసింది. "తోలోలింగ్‌కు ముందా, తరువాతా?" అని అడిగి సంఘటనలను ఈ గుంజలకు కట్టాలి. మన ఇళ్లలోని పాత పంచాంగం కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. జూన్ 13 అమావాస్య కనుక, తోలోలింగ్ దాడి రాత్రి వెన్నెల ఉందని ఎవరైనా చెబితే అది వేరొక రాత్రి అయి ఉండాలి. అలాంటప్పుడు తప్పు పట్టినట్టుగా కాకుండా, పంచాంగం ముందు పెట్టి ఇద్దరూ కలిసి చూడటం మర్యాద.

ఓపీ, బేరింగ్, చార్జ్, ఫ్యూజ్ వంటి మాటలను ఆయన పలికినట్టే రాసి, అర్థం ఆయన చేతనే చెప్పించండి. ఇప్పటి మోహరింపులు, ఇప్పటి ఆయుధాల సామర్థ్యం గురించి అడగకూడదు. ఆయన ఎక్కడైనా "ఇది వద్దు" అంటే రికార్డింగ్ ఆపేయాలి. తోటివారి మరణం గురించి తానుగా చెబితే వినండి, మీరుగా తవ్వకండి. మా చిన్నాయన ఆ మాట నాలుగో ఆదివారం, నేను పలక్కుండా కూర్చున్నప్పుడు చెప్పారు. ఆ కుటుంబం అనుమతి లేకుండా ఆ పేరును రాతప్రతిలో పెట్టలేదు.

శుభ్రంగా రాసిన ప్రతిని ఆయనకు పెద్దగా చదివి వినిపించండి. మా చిన్నాయన విని పదకొండు చోట్ల దిద్దారు, రెండు చోట్ల "చూసినాను" తీసేసి "విన్నాను" అని రాయించారు. పాత వాక్యాన్ని చెరపకుండా, పక్కనే దిద్దుబాటూ తేదీ వేసి, ప్రతి పేజీ కింద ఆయన సంతకం తీసుకున్నాను. ఒక ప్రతి ఆయన బీరువాలో, ఒకటి మా ఇంట్లో, రికార్డింగు మాత్రం రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలో ఉన్నాయి.