మౌంట్ విట్నీ ఎక్కడం ఎలా? పర్మిట్ లాటరీ నుంచి శిఖరం దాకా

అలాస్కాను పక్కన పెడితే అమెరికా మొత్తంలో మౌంట్ విట్నీని మించిన కొండ లేదు. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాల తూర్పు అంచున ఉంటుంది. ఎత్తు 14,505 అడుగులు, అంటే 4,421 మీటర్లు. ఇంత ఎత్తున్నా తాళ్లతో పని లేదు. వేసవిలో మంచు కరిగాక శిఖరం దాకా కాలిబాటే. అందుకే బే ఏరియాలోనూ లాస్ ఏంజిలెస్‌లోనూ కొండలెక్కే సరదా ఉన్న తెలుగువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దీని మీద కన్నేస్తారు. ఆ తర్వాత వాళ్లలో చాలామంది నోట వినిపించే మాట ఒకటే: "పర్మిట్ రాలేదు."

చిరాకు పడటం సహజమే. డబ్బులు కట్టి, నెలల ముందు అప్లై చేసి, చివరికి ఒక ఈమెయిల్‌తో ప్లాన్ అంతా పోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ కాస్త దగ్గరగా చూస్తే తప్పు చాలాసార్లు మనం అడిగిన శనివారంలోనే ఉంటుంది. కొండకి మన సెలవులతో పని లేదు కాబట్టి మన సెలవుల్నే కొండకి తగ్గట్టు మార్చుకోవాలి. ఆ పని ఎలాగో వరుసగా చెప్తాను.

1. పర్మిట్ ఎక్కడి నుంచి అవసరమో తెలుసుకోండి

కాలిబాట విట్నీ పోర్టల్ దగ్గర మొదలవుతుంది. లోన్ పైన్ అనే చిన్న ఊరి నుంచి కొండ మీదికి కారులో వెళ్తే రోడ్డు ఆగిపోయే చోటు అదే. అక్కడి నుంచి లోన్ పైన్ లేక్ దాకా పగటిపూట వెళ్లి రావడానికి పర్మిట్ అక్కర్లేదు. ఆ చెరువు దాటిన కాసేపటికి విట్నీ జోన్ మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక్క పూట నడకకైనా పర్మిట్ ఉండాల్సిందే. దారిలో రేంజర్ ఆపి అడుగుతారు.

మే 1 నుంచి నవంబర్ 1 వరకు కోటా ఉంటుంది. పొద్దున వెళ్లి అదే రోజు దిగేవాళ్లు రోజుకు 100 మంది, రాత్రి కొండ మీద పడుకునేవాళ్లు 60 మంది. మిగతా నెలల్లో కోటా ఉండదు, పర్మిట్ మాత్రం అప్పుడూ కావాలి. చలికాలంలో ఆ దారి మంచుగొడ్డలి వాడటం తెలిసినవాళ్లకే. కోటా లేదు కదా అని డిసెంబర్‌లో బయల్దేరే ఆలోచన మానుకోండి.

2. ముందు గుంపు, తర్వాత తేదీ

వాట్సాప్ గ్రూపులో "నేను రెడీ" అన్న పదిహేను మందిలో ఆగస్టు వచ్చేసరికి నలుగురు మిగులుతారు. ఇది అందరికీ తెలిసిందే. ఒక పర్మిట్ మీద గరిష్ఠంగా 15 మంది వెళ్లొచ్చు కదా అని 15 వేసేస్తారు. ఒకే రోజున 15 ఖాళీలు దొరకడం ఎంత కష్టమో, నలుగురికి చోటు దొరకడం అంత తేలిక. తర్వాత మనుషుల్ని తగ్గించుకోవచ్చు గానీ పెంచుకోవడం కుదరదు. అందుకని ప్రతి ఒక్కరినీ విడిగా ఫోన్ చేసి అడగండి. "చూద్దాం" అన్నవాళ్ల పేరు రాయకండి.

లీడర్ ఎవరన్నది అన్నిటికంటే ముఖ్యం. పర్మిట్ లీడర్ పేరు మీదే ఉంటుంది, వేరేవాళ్లకి బదిలీ కాదు. లీడర్‌కి జ్వరం వచ్చిందంటే, అప్లికేషన్‌లో ప్రత్యామ్నాయ లీడర్ పేరు లేకపోతే, మిగతా అందరి ప్రయాణమూ ఆగిపోతుంది. నాకు ఈ రూల్ మరీ కఠినం అనిపిస్తుంది. కానీ బదిలీకి దారి వదిలితే పర్మిట్లు బ్లాకులో అమ్ముడుపోతాయన్నదీ నిజమే. కాబట్టి అప్లై చేసేటప్పుడే ప్రత్యామ్నాయ లీడర్ల గడి నింపండి. తప్పకుండా వచ్చేవాళ్ల పేర్లే రాయండి. ఆన్‌సైట్, ఇండియా ట్రిప్, ప్రొడక్షన్ రిలీజ్ లాంటివి నెత్తిమీద ఉన్నవాళ్లు వద్దు.

3. ఫిబ్రవరిలో లాటరీ వేయండి

అప్లికేషన్లు ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 వరకు రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో తీసుకుంటారు. ఒకప్పుడు గడువు మార్చి 15 దాకా ఉండేది. పాత పోస్టులు చదివి అదే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కాబట్టి ఆ ఏడాది తేదీ సైట్‌లోనే చూసుకోండి. ముందు వేసినవాళ్లకి ముందు ఇవ్వడం ఉండదు, అంతా లాటరీయే. మొదటి రోజు అర్ధరాత్రి లేచి వేయాల్సిన టెన్షన్ లేదు. అప్లికేషన్‌కి 6 డాలర్లు. వస్తే మనిషికి 15 డాలర్లు. రెండూ తిరిగి రావు.

అసలు గెలుపోటములు తేదీల దగ్గరే తేలిపోతాయి. జులై, ఆగస్టు శుక్ర, శనివారాలకే అందరూ ఎగబడతారు. పౌర్ణమి రాత్రులకి కూడా గిరాకీ ఉంటుంది, వెన్నెల్లో ఎక్కాలని. మీరు మంగళవారం, బుధవారం రాయండి. సెప్టెంబర్ మధ్య వారాలు నాకు అన్నిటికంటే నచ్చుతాయి. మంచు పోయి ఉంటుంది, మధ్యాహ్నం ఉరుములు తగ్గుతాయి, పిల్లలకి స్కూళ్లు తెరిచేస్తారు కాబట్టి జనం పలచబడతారు. మే, జూన్ తేదీలు తేలిగ్గా దొరుకుతాయి గానీ పైన మంచు ఉంటుంది. కాళ్లకి క్రాంపాన్లు (బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్లు), చేతిలో మంచుగొడ్డలి లేకుండా ఆ నెలల్లో వెళ్లకూడదు. రెండు రోజులు లీవు పెట్టలేనివాళ్లు ఆ సంగతి ముందే ఒప్పుకుంటే ఏటా వచ్చే నిరాశ తప్పుతుంది.

4. రాకపోతే ఏప్రిల్ 22 గుర్తుపెట్టుకోండి

లాటరీ ఫలితాలు మార్చి 15కి వస్తాయి. వచ్చినవాళ్లు ఏప్రిల్ 21లోగా ఒప్పుకుని డబ్బు కట్టాలి. కట్టనివాళ్ల తేదీలు, ఎవరూ అడగక మిగిలిన తేదీలు ఏప్రిల్ 22 ఉదయం 7 గంటలకి, పసిఫిక్ టైమ్ ప్రకారం, మళ్లీ అందరికీ తెరుస్తారు. తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో తెరిచిన నిమిషాల్లో మాయమవడం చూసినవాళ్లకి ఇక్కడేం జరుగుతుందో వివరించక్కర్లేదు. ముందురోజే లాగిన్ అయి, కార్డు వివరాలు సరిచూసుకుని, మూడు తేదీలు కాగితం మీద రాసుకుని కూర్చోండి. అప్పటికప్పుడు గ్రూపులో "ఈ డేట్ ఓకేనా?" అని అడిగితే జవాబు వచ్చేలోపు అది పోతుంది.

ఆ తర్వాత కూడా సీజన్ పొడుగునా జనం రద్దు చేసుకుంటూనే ఉంటారు. ఆ ఖాళీలు అదే సైట్‌లో కనిపిస్తాయి. ఒకరికో ఇద్దరికో అయితే ఇలా దొరికే అవకాశం బాగా ఉంటుంది. రోజూ కాఫీ తాగేటప్పుడు ఒకసారి చూడటం అలవాటు చేసుకుంటే చాలు.

ఈ పద్ధతిలో నాకు నిజంగా కోపం తెప్పించేది కోటా కాదు. పర్మిట్ పట్టేసి, రాకుండా, రద్దు కూడా చేయకుండా ఊరుకునేవాళ్లు. డబ్బు ఎలాగూ తిరిగి రాదు కాబట్టి రద్దు చేయడానికి బద్ధకిస్తారు. ఆ బద్ధకం వల్ల ఆ రోజు కొండ మీద ఖాళీ ఉన్నా ఇంకొకరు ఎక్కలేరు. మీ గుంపులో ఇద్దరు తగ్గినా సరే, సైట్‌లోకి వెళ్లి ఆ ఇద్దరినీ తీసేయండి. రెండు నిమిషాల పని.

ఇంకొకటి. సైట్‌లో బుకింగ్ అయినంత మాత్రాన పర్మిట్ చేతికి వచ్చినట్టు కాదు. ప్రయాణానికి ముందు లీడర్ దాన్ని ఖరారు చేసి అసలు పర్మిట్ తీసుకోవాలి. ఆ గడువు బుకింగ్ ఈమెయిల్‌లోనే ఉంటుంది. అది దాటిపోతే మీ చోటు వేరేవాళ్లకి పోతుంది.

5. ఒక రోజా, రెండు రోజులా?

రానూపోనూ 22 మైళ్లు, ఎక్కాల్సింది 6,000 అడుగుల పైచిలుకు. డే పర్మిట్ అర్ధరాత్రి నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా చెల్లుతుంది, కాబట్టి చాలామంది రాత్రి రెండు మూడు గంటలకే హెడ్‌ల్యాంప్ పెట్టుకుని బయల్దేరతారు. రాత్రి పర్మిట్ ఉంటే 12,000 అడుగుల ఎత్తున ట్రెయిల్ క్యాంప్‌లోనో, దానికి కింద అవుట్‌పోస్ట్ క్యాంప్‌లోనో పడుకోవచ్చు.

రెండు రోజులైతే సులువనుకుంటారు. నేను అలా అనను. టెంటు, స్లీపింగ్ బ్యాగ్, తిండి మోసుకుంటూ ఎక్కి, అలవాటు లేని ఎత్తులో తలనొప్పితో రాత్రంతా దొర్లడం కంటే, తేలిక బ్యాగుతో ఒక్క రోజులో వెళ్లి రావడమే చాలామందికి నయం. అయితే అంతకుముందు 15 మైళ్లకి తగ్గని నడకలు కొన్ని చేసి ఉండాలి.

ఏదైనా సరే, ముందు ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. సముద్రమట్టం నుంచి శుక్రవారం సాయంత్రం కారెక్కి, శనివారం పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టే పద్ధతి వద్దు. లోన్ పైన్‌కి దగ్గర్లోనే హార్స్‌షూ మెడోస్ అని 10,000 అడుగుల ఎత్తున క్యాంపు చోటు ఉంది. కారు అక్కడిదాకా వెళ్తుంది. ఒకటి రెండు రాత్రులు ఆ ఎత్తులో గడిపితే తేడా మీకే తెలుస్తుంది. ఎత్తు పడనివాళ్లు వేసుకునే డయామాక్స్ మాత్రల సంగతి డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, రూమ్మేట్‌ని అడిగి కాదు.

6. డబ్బా, సంచి

రాత్రి ఉండేవాళ్లు తిండంతా బేర్ క్యానిస్టర్‌లో పెట్టాలి. ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ డబ్బా అది. కొన్నిటికి మూత తీయాలంటే మనమే నాణెం పెట్టి తిప్పాలి. తిండి ఒక్కటే పెడితే సరిపోదు. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, లిప్ బామ్, చెత్త, వాసన ఉన్న ప్రతిదీ లోపలికే. స్టీలు టిఫిన్ డబ్బాతో పులిహోర పట్టదు. జిప్ కవర్లో వేసి గాలి తీసి నొక్కితే పడుతుంది. చపాతీ చుట్టలు ఇంకా బాగా సర్దుకుంటాయి. డబ్బాని టెంటుకి దూరంగా నేల మీద వదిలేయాలి. ఎలుగు కంటే మార్మట్‌తో గొడవ ఎక్కువ. బొద్దుగా ఉండే ఉడత జాతి జంతువు, ట్రెయిల్ క్యాంప్‌లో తిండి కోసం బ్యాగులు కొరికేస్తుంది. ఖాళీ బ్యాగు జిప్పులు తెరిచి ఉంచితే లోపల చూసి పోతుంది, గుడ్డ కొరకదు.

ఇక వ్యాగ్ బ్యాగ్. దీని గురించి మనవాళ్లు మాట్లాడటానికి సిగ్గుపడతారు, తీరా అక్కడికెళ్లి తంటాలు పడతారు. విట్నీ జోన్‌లో మలవిసర్జన చేస్తే దాన్ని ఈ సంచిలో మూటగట్టి కిందికి మోసుకురావాలి. అంత ఎత్తులో ఉన్నదంతా రాయి, మట్టి తక్కువ. పాతిపెట్టినా కుళ్లదు, కరిగే మంచుతో కలిసి చెరువుల్లోకి చేరుతుంది. ఒకప్పుడు క్యాంపుల్లో సోలార్ టాయిలెట్లు ఉండేవి, వాటిని తీసేశారు. కాబట్టి ఈ రూల్ విని మొహం చిట్లించకండి. తర్వాత మీరు సీసాలో పట్టుకునేవీ ఆ నీళ్లే. లోపలి సంచిలో ఒక పొడి ఉంటుంది, తడి తగిలితే గడ్డకట్టి వాసనను అణుస్తుంది. పని అయ్యాక ముడేసి, బయటి జిప్ సంచిలో పెట్టి, గాలి తీసి, బ్యాగు బయటి జేబులో పెట్టుకోండి. లోపల పెడితే పైన బరువు పడి నలుగుతుంది. పోర్టల్ దగ్గర దాని కోసమే ఉన్న తొట్టిలో వేయాలి. బండరాళ్ల చాటున ఎవరో వదిలేసిన సంచులు కనిపిస్తాయి. దిగేటప్పుడు తీసుకుందాంలే అనుకున్నవే అవన్నీ.

7. ఎక్కే రోజు

నమ్మకంగా నీళ్లు దొరికే ఆఖరి చోటు ట్రెయిల్ క్యాంప్. అక్కడ ఫిల్టర్ చేసి సీసాలన్నీ నింపుకోండి. ఆ పైన మెలికల దారి మొదలవుతుంది. 99 మలుపులంటారు, లెక్కపెట్టే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. మధ్యలో ఇనుప తీగ కట్టిన చోట ఊట నీరు గడ్డకట్టి జారుతుంది, పొద్దున్నే వెళ్లేవాళ్లు చూసి అడుగేయాలి. మలుపుల మధ్య అడ్డదారి పట్టకండి.

మలుపులన్నీ అయ్యాక వచ్చే ట్రెయిల్ క్రెస్ట్ అనే కనుమ చేరితే సెకోయా నేషనల్ పార్కులో అడుగుపెట్టినట్టు. అక్కడ చాలామంది ఇంక అయిపోయిందనుకుంటారు. దారి మొదట కిందికి దిగి, తర్వాత శిఖరానికి ఇంకా రెండు మైళ్ల దాకా సాగుతుంది. అంటే తిరిగి వచ్చేటప్పుడు అలసిన కాళ్లతో ట్రెయిల్ క్రెస్ట్‌కి మళ్లీ ఎక్కాలి. ఆ కాస్త సత్తువ మిగుల్చుకోండి.

పైన రాతి గది ఒకటి ఉంటుంది. 1904లో శిఖరం మీద ఒకాయన పిడుగుపాటుకి చనిపోయాక, 1909లో స్మిత్‌సోనియన్ సంస్థ కట్టించింది. ఉరుములు వినిపిస్తే అందులో దూరకండి. 1990లో ఆ గదిలో ఉన్న మనిషి కూడా పిడుగుకి చనిపోయాడు. మబ్బు కమ్ముతోందంటే శిఖరం ఎంత దగ్గరున్నా వెనక్కి తిరగాలి. ఎక్కినా ఎక్కకపోయినా మధ్యాహ్నం ఒంటిగంటకి దిగడం మొదలుపెట్టాలని కిందే అనుకోండి. పైకెళ్లాక అనుకుంటే కుదరదు. తలనొప్పి వాంతుల దాకా వెళ్లినా, నడక తూలినా వెంటనే కిందికి. ఆ మనిషిని ఒంటరిగా పంపకండి.

8. ఏడాదికేడాది పర్మిట్ రాకపోతే

పక్కనే మౌంట్ లాంగ్లీ ఉంది. అదీ 14,000 అడుగులు దాటిన కొండే. హార్స్‌షూ మెడోస్ వైపు నుంచి ఒక్క రోజులో వెళ్లి వచ్చేవాళ్లకి పర్మిట్ అక్కర్లేదు. 1871లో క్లారెన్స్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త విట్నీ అనుకుని ఎక్కింది దీన్నే. రెండేళ్ల తర్వాత ఆ పొరపాటు బయటపడి ఆయన మళ్లీ వచ్చేసరికి, కింద ఓవెన్స్ లోయలో చేపలు పట్టుకునేవాళ్లు ముగ్గురు అసలు విట్నీని ముందే ఎక్కేశారు.

లోయకి అవతలి వైపు వైట్ మౌంటెన్ పీక్, 14,252 అడుగులు. దీనికీ లాటరీ లేదు. గేటు దగ్గర కారు ఆపి మట్టిరోడ్డు మీద ఏడు మైళ్లు నడిస్తే శిఖరం. వెళ్లే దారిలోనే నాలుగు వేల ఏళ్లు దాటిన బ్రిస్టిల్‌కోన్ పైన్ చెట్లుంటాయి, ముందురోజు అక్కడ తిరిగితే ఎత్తు కూడా అలవాటవుతుంది. శిఖరం దారి పొడుగునా నీడ లేదు, నీళ్లు దొరకవు. మనిషికి కనీసం నాలుగు లీటర్లు కారు దగ్గరే నింపుకుని బయల్దేరండి.