అద్దె ఇంటికి రంగు వేయించే ముందు

పెట్టుబడి కోసం తిరుపతిలో పాత ఇల్లో, అపార్టుమెంటులో ఫ్లాటో కొన్నవారు మొదట పెయింటరును పిలుస్తారు. పిలవవలసినది మేస్త్రీని. ఇక్కడ గోడను పాడుచేసే మొదటి శత్రువు నీరు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చకుండా వేసిన రంగు ఒక్క వానాకాలానికే పొక్కులు లేచి ఊడిపోతుంది.

మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు భారీ వర్షాలు తెస్తాయి. 2021 నవంబరులో కురిసిన వానలకు నగరంలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అందువల్ల స్లాబు, పిట్టగోడల పని వేసవిలోనే ముగించి, రంగుల పనిని సెప్టెంబరు దాటకుండా పూర్తిచేయడం మంచిది. విశ్వవిద్యాలయాల పరిసరాల్లో విద్యార్థులు ఉండే ఇళ్లు సెలవుల్లో ఖాళీ అయితే, అద్దె పోకుండా పని చేయించుకునే వీలు కూడా దొరుకుతుంది. అయితే మే నెల మధ్యాహ్నం స్లాబు కాలిపోతుంటుంది కాబట్టి, వాటర్‌ప్రూఫ్ పూతను తెల్లవారుజామునో, ఎండ తగ్గాకనో వేయించాలి. వేడి స్లాబు మీద పూత సరిగా పట్టుకోకముందే ఆరిపోతుంది.

చెమ్మ మూలాన్ని కనిపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. గోడపై చెమ్మ ఉన్నచోట అడుగు పొడవు, అడుగు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి, రెండు రోజుల తరువాత విప్పి చూడండి. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు, గది వైపు ఉంటే గాలి ఆడక గదిలో తేమ పేరుకుంటున్నట్టు గ్రహించాలి. బాత్రూము మీద అనుమానం ఉంటే నీరు పోయే రంధ్రాన్ని మూసి, రెండు అంగుళాల నీరు నిలిపి, మట్టానికి పెన్సిల్ గీత పెట్టి, 24 గంటల తరువాత ఆ గీతను, కింది అంతస్తు పైకప్పును చూడాలి.

గోడ మీద తేలిన తెల్లని ఉప్పును నీళ్లతో కడగకూడదు. కరిగిన ఉప్పు మళ్లీ గోడలోకే ఇంకుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, బోలుగా మోగే సిమెంటు పూతను చెమ్మ గీతకు అడుగు పైదాకా కొట్టివేసి, కొత్త పూత పూసి, కనీసం ఏడు రోజులు నీళ్లు పట్టాలి. ఆ తరువాత గోడను పూర్తిగా ఆరనివ్వాలి. దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఈ ఆరే కాలాన్ని తగ్గించమని మేస్త్రీని తొందరపెట్టే యజమానులే ఎక్కువగా నష్టపోతారు. పగులు కనిపిస్తే దాని రెండు చివరలా తేదీతో గుర్తు పెట్టండి; గుర్తు దాటి పెరుగుతుంటే పుట్టీతో కప్పకుండా ఇంజనీరును పిలవాలి.

బోరు నీటి ఉప్పు కుళాయిల మీద, టైల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది. కొత్తవారు చేరేలోపు బాత్రూము మెరవాలని చాలామంది యాసిడ్‌తో కడిగిస్తారు. యాసిడ్ ఆ మరకతో పాటు టైల్స్ సందుల్లోని సిమెంటును కూడా తినేస్తుంది. అక్కడి నుంచే కింది ఇంటికి కారడం మొదలవుతుంది. వెనిగర్‌తో తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచితే కుళాయి మీది పొర మెత్తబడుతుంది, కానీ మార్బుల్‌కు అది కూడా తగిలించకూడదు. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుందని పనివాళ్లకు తప్పక చెప్పండి.

విద్యుత్తు విషయంలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే స్విచ్) లేకపోతే పెట్టించండి.

ఖర్చు లెక్క వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అద్దె ఆదాయం మీద పన్ను లెక్కలో, యజమాని చెల్లించిన మున్సిపల్ పన్ను తీసివేశాక, మిగిలిన మొత్తంలో 30 శాతం తగ్గింపు లభిస్తుంది. మరమ్మతుకు అంతకు మించి ఖర్చయినా ఆ పేరుతో అదనపు తగ్గింపు ఉండదు. కాబట్టి ఏటా రంగులు మార్చడం కన్నా, అన్ని ఇళ్లకూ ఒకే లేత రంగు కడగదగిన ఎమల్షన్ వాడి, షేడు నంబరును, వేసిన తేదీని రాసిన డబ్బాలో మిగిలిన రంగును గట్టిగా మూసి ఉంచుకుంటే, తరువాతి మరకను చేతిబ్రష్‌తోనే సరిచేయవచ్చు.